అరచేతిలో రెండు మాత్రలు

కత్తెరమ్మ చేతిలో కత్తెర ఆడుతున్నంతసేపూ ఎవరూ ఆవిడను పలకరించకూడదు. ఆ కుట్టు దుకాణంలో ఉన్న నియమం అదొక్కటే. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, ఎడమచేత్తో అదిమిపట్టి, ఒకసారి కత్తెర నోరు తెరిచిందంటే గీత చివరికి చేరేదాకా ఆగదు. మధ్యలో ఆగితే అంచు మెట్లుమెట్లుగా వస్తుందంటుంది. అందుకే చొక్కా పొట్టి చేయించుకోవడానికో, ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికో ఎవరైనా లోపలికి వస్తే, కుట్టుమిషను దగ్గర కూచున్న రెండో ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని, కళ్ళతోనే బల్ల చూపిస్తుంది. కరకరమనే చప్పుడు ఆగాక గానీ ఎవరికీ నోరు లేవదు.

ఆ రెండో ఆవిడ మిషనమ్మ. రెండు పేర్లూ వీధివాళ్ళు పెట్టినవే. కొత్తవాళ్ళు అక్కాచెల్లెళ్ళా అని అడుగుతారు.

"కాదమ్మా, తోడికోడళ్ళం" అంటుంది కత్తెరమ్మ.

"అక్కాచెల్లెళ్ళమే అయితే ఎప్పుడో జుట్లు పట్టుకుని విడిపోయేవాళ్ళం" అని కాలు తొక్కుడు ఆపకుండానే అందుకుంటుంది మిషనమ్మ.

కత్తెరమ్మ భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఆయన తమ్ముడే మిషనమ్మ భర్త. బస్సు నడిపి రిటైరై, ఇప్పుడు కిటికీ దగ్గర కూచుని వీధిలో పోయే బస్సులకు వంకలు పెడుతుంటాడు. దుకాణం వెనక గదీ వంటిల్లూ పెద్దావిడవి, పైవాటా చిన్నవాళ్ళది. పైకి మెట్లు వీధిలోంచి ఉన్నాయి కనక కిందికీ పైకీ తలుపు నంబర్లు వేరు. ఈ నంబర్ల సంగతి తర్వాత వస్తుంది.

కోటు మోచేతులకు అతుకులు వేయించుకోవడానికి మొదటిసారి వెళ్ళాను. పని పది నిమిషాల్లో అయిపోయింది. కబుర్లు అవలేదు. అప్పట్నుంచీ చినగని బట్టలు కూడా పట్టుకెళ్ళి ఆ బల్ల మీద కూచోవడం అలవాటైంది. ఇక్కడ రాస్తున్నదంతా వాళ్ళిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ చెప్పిందే. ఒకరు మంగళవారం అంటే రెండోవారు బుధవారం అన్న చోట నాకు తోచిన వారం వేసుకున్నాను.

ముందుగా వాళ్ళ అత్తగారి పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది ఎవరో పిచ్చివాళ్ళు చేసిన పనిలా ఉంటుంది.

ఇద్దరూ కోడళ్ళుగా వచ్చిన కొత్తలో ఒక సబ్బు దగ్గర మాటా మాటా పెరిగిందట. అత్తగారు పెద్ద కోడలి చేతికి దారం ఇచ్చి సబ్బును రెండుగా కోయమంది. కోశాక, "ఇప్పుడు చిన్నది ముందు తీసుకుంటుంది" అంది. ఆనాటి నుంచీ ఇంట్లోకి ఏది వచ్చినా అంతే. వాటా వేసేది ఒకరు, ముందు ఎంచుకునేది ఇంకొకరు. వేసినవాళ్ళకు ఎంచుకునే హక్కు లేదు, ఎంచుకున్నవాళ్ళకు గొణిగే హక్కు లేదు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయినా ముప్పై ఏడేళ్ళుగా అదే సాగుతోంది.

"వాటాలు వెయ్యడం నా వంతు, ఎంచుకోవడం ఆవిడ వంతు. ఎవరు లావయ్యారో చూస్తూనే ఉన్నారుగా" అంటుంది కత్తెరమ్మ.

"ఎంచుకోవడం తేలికనుకుంటుంది మా అక్క. రెండూ ఒకేలా కోసి పెడితే ఏం ఎంచుకుంటాం? తల తిరుగుతుంది."

కీళ్ళవాతం మటుకు వాటాల్లేకుండానే ఇద్దరికీ వచ్చింది. మిషనమ్మకు ముందు మణికట్లలో, మోకాళ్ళలో. ఏడాది తిరక్కుండా కత్తెరమ్మకు వేళ్ళలో. ఒంటిని కాపాడాల్సిన కాపలావాడు దొంగను వదిలేసి ఇంటివాళ్ళనే బాదడంలాంటి జబ్బని డాక్టరు చెప్పిందట. "మా కాపలావాడికి చత్వారం" అని కత్తెరమ్మ వీధంతా చెప్పుకుంది. నవ్వినంత కాలం నవ్వింది. పొద్దున లేస్తే వేళ్ళు గుప్పిట బిగుసుకుని తెరుచుకునేవి కావు. గోరువెచ్చని నీళ్ళగిన్నెలో అరగంట, గంట, గంటన్నర. కణుపులు వాచి బొటనవేలు కత్తెర కన్నంలో దూరేది కాదు. పాత కత్తెర కన్నాలు పెద్దవి చేయించి, చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టుకుంది.

ఒకరోజు ఒక స్కూలు టీచరు కోటుగుడ్డ కోస్తూ మధ్యలో ఆగింది. ఆగడమంటూ ఆవిడ జన్మలో లేదు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. అంచు మెట్లుమెట్లుగా వచ్చింది. కత్తెర బల్ల మీద పెట్టేసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"తలుపు కొట్టలేదు నేను. మిషను తొక్కుతూ కూచున్నా. దారం లేకుండానే" అంది మిషనమ్మ.

పాత మందులు సగమే పనిచేస్తున్నాయి. అప్పుడే పెద్దాసుపత్రిలో కీళ్ళ డాక్టరమ్మ కత్తెరమ్మకు ఒక పరిశోధన గురించి చెప్పింది. కొత్త మాత్ర ఒకటి వచ్చింది. అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలి. చేరినవాళ్ళలో సగంమందికి మందున్న మాత్ర ఇస్తారు, మిగతావాళ్ళకు అచ్చం అలాగే ఉండే మందులేని మాత్ర. పాత మందులు ఎవరూ మానక్కర్లేదు.

"నాకేది ఇస్తారమ్మా?" అని అడిగింది కత్తెరమ్మ.

"నాకూ తెలీదండి. తెలియకూడదు. తెలిస్తే మందు తీసుకునేవాళ్ళను ఒకలా చూస్తాను, ఉత్తిది తీసుకునేవాళ్ళను ఒకలా చూస్తాను."

"మరెవరికి తెలుసు?"

"కంప్యూటరుకి."

"దానికేం కీళ్ళున్నాయని చెప్పారు దానికి?"

సంతకం పెట్టి సీసాతో ఇంటికొచ్చింది. రెండు వారాల తర్వాత మిషనమ్మ కూడా చేరింది. వేరే రోజు, వేరే నర్సు, వేరే తలుపు నంబరు. మీ ఇంట్లో ఇంకెవరైనా చేరారా అని ఎవరూ అడగలేదు. అడగని మాట వీళ్ళూ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన సంగతని తట్టలేదు.

ఆ సాయంత్రం రెండు సీసాలూ గుడ్డలు కోసే బల్ల మీద పక్కపక్కన నిలబడ్డాయి. సీసాల మీద వేర్వేరు నంబర్లు. లోపల మాత్రలు పచ్చగా, చొక్కా గుండీలంత, తేడా లేకుండా ఉన్నాయి.

"అక్కా, ఇందులో ఒకటి ఉత్తిదయితే?"

"రెండూ మందే కావచ్చు కదే."

"రెండూ ఉత్తివే కావచ్చు."

"అప్పుడు పేచీ లేదు."

"ఒకటి అదీ ఒకటి ఇదీ అయితేనే పేచీ" అంది మిషనమ్మ. "నీ చెయ్యి తెరుచుకుని నా చెయ్యి మూసుకుపోతే నాకేం బాధలేదు. నీకే ఉంటుంది. పొద్దస్తమానం నా మొహం చూస్తూ కత్తెర ఆడించలేవు."

కత్తెరమ్మ కాసేపు రెండు సీసాలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి, గుండీల డబ్బా బోర్లించి గుండీలన్నీ గిన్నెలో పోసి, డబ్బాను సబ్బుతో కడిగి, తుడిచి, ఆరబెట్టింది. సీసాలు రెండూ అందులో కుమ్మరించి మూతపెట్టి బాగా కుదిపింది.

"ఇప్పుడు పేచీ లేదు" అంది.

మర్నాడు పొద్దున రెండు మాత్రలు అరచేతిలో పెట్టుకుని చాపింది. మిషనమ్మ ఒకటి ఎంచుకుంది. రెండోది కత్తెరమ్మ వేసుకుంది. రోజూ అంతే. కొన్నాళ్ళకు అదొక ఆటయింది. మిషనమ్మ రెంటినీ వెలుతురుకు పెట్టి చూసేది, వాసన చూసేది.

"ఇవాళ ఇదేదో మందువాసన వేస్తోంది అక్కా."

"నీ ముక్కు దిబ్బడకి అన్నీ మందువాసనే. తొందరగా తియ్యి, చెయ్యి పీకుతోంది."

ఇంకో చేత్తో డైరీ. పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలుందో రోజూ రాయాలని ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. నెలనెలా ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టి ఎవరి సీసాలో ఉండాల్సినన్ని వాళ్ళ సీసాలో పోసుకుని తీసుకెళ్ళేవారు. ఒక్క మాత్ర తేడా వచ్చేది కాదు. మాత్రల లెక్క చూసే పరిశోధన నర్సు మురిసిపోయేది. "చాలామంది మర్చిపోతారండి, పారేసుకుంటారు. మీలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు మాకు" అని ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. ఇద్దరూ ఇంటికొచ్చి ఒకరికొకరు చెప్పుకుని పొంగిపోయారు.

రెండో నెల చివర్లో ఒక పొద్దున కత్తెరమ్మ నీళ్ళగిన్నె మర్చిపోయింది. మర్చిపోయిన సంగతి పదింటికి గుర్తొచ్చింది. లేచి, ఒక తెరగుడ్డ తాను పరిచి, గీత గీసి, కత్తెర తెరిచింది. రెండు గజాల గీత. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆగలేదు. మిషను చప్పుడు ఆగిపోయింది. పైనుంచి మరిది కిందికి దిగొచ్చాడు. రోజంతా వినబడే చప్పుడు వినబడకపోతే మనిషికి భయం.

"ఏమైంది? ఎందుకేడుస్తున్నారు ఇద్దరూ?"

"తెరగుడ్డ కోశాం" అంది మిషనమ్మ.

కత్తెరమ్మ డైరీలో గంటన్నర పోయి నలభై నిమిషాలయింది, తర్వాత ఇరవై. అంత బాగా మిషనమ్మ డైరీ దిగలేదు. మణికట్లు కాస్త వదులయ్యాయి, మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఒకే డబ్బా, ఒకే అరచెయ్యి, పైగా ముందు ఎంచుకునేది ఆవిడే. అలాంటప్పుడు తేడా ఎందుకు? ఇద్దరికీ అర్థం కాలేదు. కత్తెరమ్మ మటుకు చెయ్యి చాపేటప్పుడు రెండు మాత్రల్లో కొంచెం పెద్దగా కనపడేదాన్ని మిషనమ్మ వైపు పెట్టడం మొదలుపెట్టింది. పెద్దదీ చిన్నదీ లేదు. కనపడేది, అంతే.

నాలుగో నెల రక్తపరీక్షలో మిషనమ్మ కాలేయం సరిగా లేదని వచ్చింది. కాలేయం లెక్క ఉండాల్సిన దానికి అయిదింతలుంది. ఆసుపత్రి నుంచి ఫోను చేసి మాత్రలు వెంటనే ఆపమన్నారు. సీసా పట్టుకుని రమ్మన్నారు. ఇలాంటి ఆపద వచ్చినప్పుడు ఆ ఒక్కరి వరకూ కంప్యూటరు నోరు విప్పించే దారి ఒకటి ఉంటుందట. డాక్టరమ్మ విప్పించింది.

"మీకు వచ్చింది మందులేని మాత్రండి. కాబట్టి ఇది మా మాత్ర వల్ల కాదు. ఒక రకంగా మంచిదే. కారణం ఇంకెక్కడో వెతకాలి."

పాత మందుల వల్లేమోనని వాటిని కూడా ఆపించింది.

అవి ఆగిన నాలుగో రోజుకు మిషనమ్మ మణికట్లు మళ్ళీ వాచాయి. గ్లాసు పట్టుకోలేకపోయింది. కత్తెరమ్మ డబ్బా తీసింది. ఇప్పుడు అందులో ఉన్నవి ఒక్కరికి సరిపడేవే, రోజుకొకటి. ఆవిడ ఒక మాత్ర బల్ల మీద పెట్టి, చిన్న కత్తెరతో సరిగ్గా మధ్యకు కోసింది. లోపల తెల్లగా ఉంది.

"వద్దక్కా. నావి ఆపమన్నారు."

"నీవి కదా ఆపమంది? ఇది నాది. పైగా మాత్ర వల్ల కాదని ఆవిడే చెప్పింది. తీసుకో, ముందు నువ్వు."

డాక్టరు నోటితో చెప్పిన మాట. దాన్ని మించిన ధైర్యం ఏముంటుంది? మిషనమ్మ ఎడమవైపు ముక్క ఎంచుకుంది.

రెండు వారాల తర్వాత పరీక్ష చేస్తే కాలేయం లెక్క ఏమీ దిగలేదు. అన్నీ ఆపినా దిగకపోయేసరికి డాక్టరమ్మ మొహంలో నవ్వు తగ్గింది. స్కానింగ్‌కి పంపింది. స్కానింగ్‌లో కాలేయం మీద ఒక మచ్చ కనిపించింది, కోటు గుండీ అంత. అది ఏదీ కాకపోవచ్చన్నారు. ఏదైనా కావచ్చన్నారు. ఆపరేషన్ డాక్టరు ఒకాయన వచ్చి, ముందు సూది పంపి చిన్న ముక్క తీసి చూస్తామనీ, దాన్నిబట్టి అవసరమైతే ఆ భాగం కోసి తీసేస్తామనీ చెప్పాడు. వచ్చే గురువారం రమ్మన్నాడు. నోటితో ఎవరూ ఆ మాట అనలేదు గానీ కాగితంలో రాసి ఉంది. మరిది ఇంటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివాడు. "కాన్సర్ కాదని నిర్ధారించుకోవడం కోసం."

"కాదని రాశారుగా" అంది మిషనమ్మ.

"కాదని నిర్ధారించుకోవడం కోసం అని రాశారు."

"రెండిటికీ తేడా ఏమిటి?"

ఆయన కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు. "సిగరెట్టు లేదు, తాగుడు లేదు. కాలేయం ఎందుకు పాడవుతుంది? నువ్వు మింగింది ఉత్తి మాత్రని కూడా తేలిపోయె" అన్నాడు.

ఆ మాట అన్నాక ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు. కత్తెరమ్మ గుండీల గిన్నె ముందేసుకుని రంగులు వేరు చేస్తూ కూచుంది. నల్లవి ఒకవైపు, తెల్లవి ఒకవైపు. నువ్వు మింగింది ఉత్తి మాత్ర. నల్లది, తెల్లది. దాని సీసాలో ఉన్నది ఉత్తి మాత్ర. సీసాలో. చెయ్యి ఆగింది. సీసాలో ఉన్నది డాక్టరుకు తెలుసు. దాని నోట్లో పడ్డది ఎవరికి తెలుసు?

"గుండీలు ఎక్కడివక్కడ వదిలేసి లేచాను. పైమెట్లు ఎలా ఎక్కానో తెలీదు" అంది నాతో.

మిషనమ్మ మంచం మీద కూచుని మణికట్లకు గుడ్డ చుట్టుకుంటోంది. కత్తెరమ్మ గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. నీ సీసా ఉత్తిది, నాది నిజమైతే, డబ్బాలో సగం నిజం. నువ్వు సగం తిన్నావు. నాదీ ఉత్తిదయితే ఎవరూ ఏమీ తినలేదు. కానీ నా చెయ్యి తెరుచుకుంది కదా, అంటే నాది నిజమే అయ్యుండాలి. మరి నీ చెయ్యెందుకు తెరుచుకోలేదు? అయినా ఆపేశాక కూడా కోసి పెట్టింది నేనే కదా...

"అక్కా, మొదట్నుంచీ చెప్పు."

రెండోసారి చెప్పింది. మూడోసారి చెబుతూ తనే మధ్యలో తప్పిపోయింది. అయినా మిషనమ్మకు అందాల్సింది అందింది.

"అంటే కడుపులో గొడవ మాత్ర వల్ల కావచ్చంటావు."

"కావచ్చు. డాక్టరమ్మకు చెప్పాలి."

"చెబితే నీ మాత్రలు కూడా ఆపేస్తారు."

"ఆపేస్తారు."

"నీ చెయ్యి మళ్ళీ ముడుచుకుపోతుంది." మిషనమ్మ చుట్టిన గుడ్డ విప్పి మళ్ళీ చుట్టింది. "సూదే కదా అక్కా. ఇన్నేళ్ళుగా నా వేలికి ఎన్ని సూదులు గుచ్చుకున్నాయి! పొడిపించుకుని వస్తా. ఏమీ లేదంటారు. నువ్వు నోరు మెదపకు."

"ఏమిటే ఆ వాటా? నీ పొట్టలో సూదీ, నా చేతిలో కత్తెరా? ఈ వాటా నేనెప్పుడు వేశాను?"

"నువ్వు వెయ్యలేదు. ఈసారి నేను వేశా."

కత్తెరమ్మ మంచం మీద కూలబడింది.

"సరే. వాటా నువ్వు వేశావుగా" అంది కత్తెరమ్మ. "అయితే ఎంచుకునేది నేను."

మిషనమ్మ మణికట్టు గుడ్డ బిగించి ముడేసింది. వాటా వేసినవాళ్ళకు ఎంచుకునే హక్కు లేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గుండీల డబ్బా సంచీలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. పరిశోధన నర్సు ఎదురొచ్చింది. ఇద్దరినీ పక్కపక్కన చూడడం ఆ అమ్మాయికి అదే మొదటిసారి.

"మీరిద్దరూ ఒకరికొకరు తెలుసా?"

"తోడికోడళ్ళం."

ఆ అమ్మాయి చేతిలో ఫైలు కిందికి జారింది. డాక్టరమ్మ గదిలో కత్తెరమ్మ నిలబడే అంతా చెప్పింది. సబ్బు దగ్గర మొదలుపెట్టింది. డాక్టరమ్మ రెండుసార్లు ఆపబోయి ఊరుకుంది.

"రెండు సీసాలూ ఒకే డబ్బాలోనా?"

"గుండీల డబ్బాలో. కడిగే పోశానమ్మా. సబ్బుతో."

"నాలుగు నెలలూ?"

"లెక్క ఎప్పుడూ తప్పలేదు" అంది మిషనమ్మ, అదొక పుణ్యంలా.

"ఆపమన్నాక కూడా?"

"అప్పుడు సగమే" అంది కత్తెరమ్మ. "మీరే కదమ్మా మాత్ర వల్ల కాదన్నారు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకుంది. కోపమో, నవ్వో, ఏడుపో వీళ్ళకు తెలియలేదు. "నేను ఏ మాట మీద నిలబడి చెప్పానో ఆ మాటే ఉత్తిదన్నమాట" అంది, తనతో తనే. తర్వాత లేచి ఫోన్లు చేసింది. గురువారం సూది వాయిదా పడింది. కత్తెరమ్మ వంతు కూడా కంప్యూటరును అడిగారు. ఆవిడ సీసాలో ఉన్నది మందే.

డబ్బా ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఇద్దరికీ అన్నీ ఆగిపోయాయి. వారానికోసారి రక్తం. మూడో వారానికి మిషనమ్మ కాలేయం లెక్క సగానికి దిగింది. ఏడో వారానికి మామూలు గీత దగ్గరికి వచ్చింది. మచ్చను ఇంకో రకం స్కానింగ్‌లో చూసి, అది రక్తనాళాల చిన్న ముడి అనీ, చాలామందికి తెలియకుండానే ఉంటుందనీ, దాని జోలికి పోనక్కర్లేదనీ అన్నారు. స్కానింగ్ తియ్యకపోతే అదొకటుందని కూడా తెలిసేది కాదట.

"ఎన్నేళ్ళుగా ఉందో పాపం. అద్దె కూడా ఇవ్వకుండా" అంది మిషనమ్మ పొట్ట తడుముకుంటూ.

పరిశోధనలో తమ పేర్లు కొట్టేస్తారనుకున్నారు ఇద్దరూ. కొట్టెయ్యరట. ఎవరిని ఏ గుంపులో వేశారో ఆ గుంపులోనే చివరిదాకా లెక్కలో ఉంటారట, జరిగిన తప్పు పక్కన రాసి. ఇది నాకూ అంతు పట్టలేదు. లైబ్రరీలో రెండు మూడు పుస్తకాలు తిరగేశాను. నిజమే, అలాగే చేస్తారు. తప్పు చేసినవాళ్ళందరినీ ఏరి పారేస్తే మిగిలేది బుద్ధిమంతుల లెక్కే అవుతుంది, మనుషుల లెక్క కాదు అన్నట్టుగా రాశారు. కత్తెరమ్మకు చదివి చెప్పాను.

"అయితే నేను మందు గుంపు."

"అవును."

"సగమే తిన్నా."

"అవును."

"మా చిన్నది ఉత్తి గుంపు. సగం మందు తింది."

"అవును."

"మరి ఆ లెక్క చూసి మందు పనిచేస్తుందని ఎవరైనా ఎలా చెబుతారండీ?"

మీలాంటివాళ్ళు ఇద్దరే ఉంటారని వాళ్ళ ఆశ అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. "ఇద్దరమే ఎందుకుంటాం?" అంది. ఆ మాట పట్టించుకున్నది నేను కాదు, ఆసుపత్రివాళ్ళు. ఇప్పుడు చేరేవాళ్ళ కాగితంలో కొత్త ప్రశ్న ఒకటి వచ్చిందట, మీ ఇంట్లో గానీ పక్క వాటాలో గానీ ఇంకెవరైనా ఈ మాత్ర తీసుకుంటున్నారా అని. నర్సు ఆ కాగితం తెచ్చి చూపించింది. "మీ ప్రశ్న" అంది.

కత్తెరమ్మకు తీరనిది ఒక్కటే. చివరిసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను నిలదీసింది.

"నా చెయ్యి ఎందుకు తెరుచుకుందమ్మా?"

"సగం మందుకే తెరుచుకుని ఉండొచ్చు. డబ్బాలోంచి మీ చేతికి నిజమైనవి ఎక్కువ వచ్చి ఉండొచ్చు. ఈ జబ్బు కొన్నాళ్ళు దానంతటదే తగ్గుతుంది కూడా. తగ్గుతుందన్న నమ్మకంతో తగ్గినవాళ్ళూ ఉన్నారు."

"ఇందులో ఏది?"

"తెలీదండి."

"కంప్యూటరుకి?"

"దానిక్కూడా తెలీదు. ఆ డబ్బా కుదిపింది మీరు కదా."

ఇంటికొచ్చిన మూడో రోజు కత్తెరమ్మ మిషనమ్మతో అంది, తను పెద్దవిగా కనపడినవి అటువైపు పెట్టానని. నిజమైనవన్నీ అటే పోయాయేమో, అందుకే కాలేయం అలా అయిందేమోనని.

"పెద్దగా కనపడినవి నువ్వు నావైపు పెట్టేదానివా?" అంది మిషనమ్మ. "నాకు తెలుసు. అందుకే నేను ఎప్పుడూ రెండోది తీసేదాన్ని."

ఇద్దరూ చాలాసేపు లెక్క వేశారు. తేలలేదు. నాకు చెప్పారు, నాకూ తేలలేదు.

ఇప్పుడు ఇద్దరికీ వేర్వేరు పాత మందులు, వేర్వేరు డబ్బాలు, మూతల మీద మరిది పెద్దక్షరాలతో రాసిన చీటీలు. కత్తెరమ్మ పరిశోధనలో లేకపోయినా డైరీ మానలేదు. మొన్న చూశాను. యాభై నిమిషాలు, అరవై అయిదు, ముప్పై, మళ్ళీ అరవై. ఏ పొద్దున ఏ అంకె వస్తుందో తెలియదు. చెయ్యి పూర్తిగా మూసుకోలేదు, పూర్తిగా తెరుచుకోనూ లేదు.

నిన్న వెళ్ళేసరికి ఆవిడ ఒక కోటుగుడ్డ కోస్తోంది. అలవాటుగా గుమ్మంలోనే ఆగి నోరు మూసుకున్నాను. గీత సగంలో కత్తెర ఆగింది.

"రండి, కూచోండి. ఇప్పుడు మాట్లాడొచ్చు" అంది వేళ్ళు విదిలించుకుంటూ. "ఆపి ఆపి కోస్తున్నాగా."

కాసేపు వాన గురించి మాట్లాడుకున్నాం. మళ్ళీ కోసింది. మళ్ళీ ఆగింది. ముక్కలు మిషను మీదికి చేరాక అంచు మెట్లుమెట్లుగా ఉండడం నాకే కనపడింది. మిషనమ్మ ఆ అంచును వెలుతురుకు పెట్టి చూసింది, పూర్వం మాత్రలను చూసినట్టే. తర్వాత వేలెడు లోపలికి మడిచి సూది కింద పెట్టింది.

"మడతలో పోతుందిలే అక్కా" అంది. మిషను చప్పుడు మొదలైంది.